కరణం గారిని పైకి పంపిన రోజు

మొత్తం రెండేళ్ల మూడు నెలలు ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని నేను. నా వయసు ఇరవై ఆరు. పింఛను లేదు. వీడ్కోలు రోజున తోటి టీచర్లు ఇచ్చిన ఇత్తడి పన్నీరుబుడ్డి ఒకటి ఉంది. దాని మూతను మా చంటిది ఎక్కడ మింగేస్తుందోనని అటక మీద దాచాను. అటక మీంచి జారి ఎక్కడ దాని నెత్తిన పడుతుందోనని ఇప్పుడు మళ్లీ బెంగ. "నలభై మంది పిల్లలతో రెండేళ్లు నెగ్గుకొచ్చావు, ఒక్క పిల్లతో ఇంత హడావుడి ఏమిటే అమ్మాయ్!" అని మా అత్తగారు నవ్వుతారు. ఆ రెండేళ్లూ నేను ఇంత హడావుడీ పడ్డానని ఆవిడకు తెలియదు. చంటిది నిద్రపోయింది కాబట్టి ఆ సంగతి ఇప్పుడు రాస్తాను. టీచరు ట్రైనింగుకు దరఖాస్తులు పెట్టే అమ్మాయిలు చదివితే సంతోషం. పాఠం ఎలా చెప్పాలో ఇందులో లేదు. ఎలా చెబితే ఏమవుతుందో ఉంది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బెజవాడ వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల వరసలో ఒక మేడ మీద మా ఆడపిల్లల హైస్కూలు ఉండేది. కింద బేళ్లు దించే కూలీల కేకలు, పైన మా ఎక్కాలు. గంజి పెట్టిన కొత్త బట్ట వాసన క్లాసులోకి వచ్చేది. కాగితానికి కరువు. అందుకని స్కూలు ఫైనలుకు వెళ్లే ఆరో ఫారం పిల్లలు కూడా పలకల మీదే లెక్కలు చేసేవారు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా నేను పారేసేదాన్ని కాదు.

పై క్లాసులకు కూడా లెక్కలు తెలుగులో చెప్పడం అప్పటికి కొత్త. కాలేజీలో నేను చదివిందంతా ఇంగ్లీషులో. కొత్త పుస్తకంలో సర్డ్ అనే మాటకు "కరణి" అని వేశారు. వర్గమూలం గుర్తు కింద కూర్చుని, ఎంత తీసినా అంకెలు తెమలని సంఖ్య కరణి. రెండుకు వర్గమూలం కరణి, మూడుకు వర్గమూలం కరణి. భిన్నంలో గీతకు కింద ఉండేది హారం. "హారమందలి కరణిని తొలగించుట" అని పాఠం పేరు. ముందురోజు ఇంటి దగ్గర మూడుసార్లు చదువుకుని వెళ్లాను.

తీరా క్లాసులో కరణి ఒక్కరికీ నోరు తిరగలేదు. అందరూ కరణం అనేవారే. కరణి ఎవరో వాళ్లకు తెలియదు. కరణం ఎవరో అందరికీ తెలుసు. ఊళ్లో భూముల లెక్కలు రాసే ఉద్యోగి ఆయనే కదా. మూడుసార్లు దిద్దాను. నాలుగోసారి నా నోటి వెంటే "కరణం" వచ్చింది. క్లాసంతా గొల్లుమంది.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

"సరే, కరణం గారే అనుకోండి," అన్నాను. "ఆయన పెద్దమనిషి. గీత కింద కూర్చోకూడదు. కింద కనిపిస్తే పైకి పంపించాలి."

"ఎలా పంపాలండీ?"

"అచ్చం ఆయనలాంటి ఇంకో కరణాన్ని తెచ్చి, పైనా కిందా హెచ్చవెయ్యాలి. కింద ఇద్దరు కరణాలు కలిశారనుకోండి, ఇద్దరి కరణీకమూ ఊడి మామూలు సంఖ్య అయిపోతుంది. పైన ఒక కరణం మిగులుతాడు."

బోర్డు మీద ఒకటి బై రూటు రెండు వేశాను. పైనా కిందా రూటు రెండుతో హెచ్చవేస్తే కింద ఉత్త రెండు, పైన రూటు రెండు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మర్నాటికి ఇంకా ధైర్యం వచ్చింది. ఆ రోజు హారంలో రూటు మూడు మైనస్ ఒకటి. "ఇందులో ఒకరు కరణం, ఒకరు ఊళ్లో శిస్తు వసూలు చేసే మునసబు," అన్నాను. "ఇద్దరికీ పడదు, అందుకే మధ్యలో మైనస్. కాబట్టి వాళ్లు రాజీపడిన జంటను, అంటే రూటు మూడు ప్లస్ ఒకటిని తెచ్చి హెచ్చవెయ్యండి. తగువు పోతుంది, కింద రెండు మిగులుతుంది." ఊళ్లలో కరణానికీ మునసబుకీ ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలు ఈ లెక్కను ఒక్కసారికే పట్టేశారు.

మా తెలుగు పండితులు గారు వరండాలోంచి విని, "అమ్మాయీ, భాషను హింస పెడుతున్నావు," అన్నారు.

"మార్కులు వస్తున్నాయండీ మాస్టారూ," అన్నాను. నిజంగానే వచ్చాయి. ఆ పాఠంలో తప్పినవాళ్లు లేరు.

ఒక్క పిల్ల మాత్రం నన్ను ప్రశ్న అడిగింది. మూడో బెంచీ చివర కూర్చునేది. చల్లపల్లి అవతల పల్లెటూరు. చదువు కోసం బెజవాడలో పిన్నిగారింట్లో ఉండేది. ఏ పాఠం చెప్పినా తల కొంచెం ఎడమకు వాల్చి "ఎందుకండీ?" అనడం ఆ పిల్ల అలవాటు.

"కరణం కింద ఉంటే ఏమవుతుందండీ?"

"ఏమవుతుందేమిటి? మార్కులు పోతాయి."

"ఎందుకు పోతాయండీ?"

"కింద ఉంది కాబట్టి."

"ఊఁ," అని కూర్చుంది.

ఆ "ఊఁ" నాకు చాలా రోజులు వినిపించింది. నిజం చెప్పాలంటే నాకు జవాబు తెలియదు. కాలేజీలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. హారంలో కరణి ఉండకూడదంటే ఉండకూడదు, అంతే. తడి కాళ్లతో నట్టింట్లోకి రాకూడదన్నట్టు.

ఇంకో సంగతి కూడా నాకు తెలియదు. నేను కరణం గారి పేరెత్తినప్పుడల్లా ఆ పిల్ల పమిట చెంగు నోట్లో కుక్కుకుని ఎర్రబడిపోయేది. జోకు అంత బాగుందేమో అనుకునేదాన్ని.

దీపావళి సెలవులకు ఊరికి వెళ్లింది. సోమవారం పొద్దున బడి గంట కొట్టకముందే నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"టీచరు గారూ, నన్ను బడి మానిపించేస్తున్నారండీ."

"ఎవరు?"

"మా నాన్నగారండీ. శనివారం వచ్చి టీసీ తీసుకుంటారుట."

"ఏం చేశావు?"

"కరణాన్ని పైకి పంపించానండీ."

"మంచిదేగా!"

"మా నాన్నగారే కరణమండీ."

నేను కూర్చున్నాను. అప్పటికే కూర్చుని ఉన్నానని తర్వాత గుర్తొచ్చింది.

ఆ పిల్ల ఏడుస్తూనే చెప్పింది, మధ్యమధ్య నవ్వుతూ కూడా. వీధి అరుగు మీద పలక పెట్టుకుని చెల్లెలికి మా పాఠం చెబుతోందట. అది కూడా గట్టిగా, నాలాగే చేతులు తిప్పుతూ. "ముందు ఈ కరణాన్ని పైకి పంపించెయ్యాలి. వట్టి చేతుల్తో కాదే, ఇంకో కరణాన్ని తెచ్చి కలిపి వెయ్యాలి. అప్పుడు కింద పీడా ఉండదు!" లోపల సావిట్లో వాళ్ల నాన్నగారు, మునసబు గారు, నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. మనిషిని పైకి పంపడమంటే ఏ ఊళ్లోనైనా ఒకటే అర్థం.

"అప్పుడు మునసబు గారు ఏమన్నారో తెలుసాండీ? 'కరణం గారూ, ఇన్నేళ్లుగా మీతో అనవసరంగా పోట్లాడుతున్నానండోయ్. మీ ఇంట్లోనే ముహూర్తం పెట్టేశారు,' అన్నారండీ. మర్నాడు పాలు పోసే ఆయన కూడా 'అయ్యగారూ, ప్రయాణం ఎప్పుడండీ?' అన్నాడు. మా నాన్నగారు రెండు రోజులు వీధిలోకి రాలేదు."

"నువ్వు చెప్పలేదా, అది లెక్కల పాఠమని?"

"చెప్పానండీ. 'కింద ఉంటే ఏమొచ్చిందట?' అని అడిగారు. 'మార్కులు పోతాయి' అన్నాను. ఇంకా కోపం వచ్చింది."

అడ్మిషను రిజిస్టరు తీసి చూశాను. తండ్రి వృత్తి అన్న చోట "వ్యవసాయం" అని ఉంది. పిన్నిగారి భర్త చేర్పించినప్పుడు అలా రాయించారట. పబ్లిక్ పరీక్షకు దరఖాస్తులు పంపడానికి ఆ శనివారమే ఆఖరు రోజు. ఆ పిల్ల ఫారం అప్పటికే పూర్తిచేసి పెట్టుకుంది. తండ్రి సంతకం చోటు ఒక్కటే ఖాళీ. వాళ్ల ఊరినుంచి స్కూలు ఫైనలు రాసిన ఆడపిల్ల ఇంతవరకూ లేదు. నేను చేసిన ఒక వేళాకోళం వల్ల ఇక ఉండబోదు.

బుధవారం పెద్ద టీచరు గారికి ఆ పిల్ల తండ్రి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని నాకు వినిపించారు. "'గ్రామోద్యోగులను తొలగించుట, పైకి పంపుట ఇత్యాది విషయములు తమ పాఠశాల యందు బోధింపబడుచున్నట్లు మాకు తెలియవచ్చినది.' ఏమిటమ్మా ఇది? నువ్వేమైనా రాజకీయాల్లో ఉన్నావా?"

స్వరాజ్యం కోసం గ్రామోద్యోగులు రాజీనామాలు చెయ్యాలని ఊరూరా మాట్లాడుకునే కాలం కాబట్టి ఆవిడ భయం ఆవిడది.

"లేదండీ, నేను లెక్కల్లో ఉన్నాను," అన్నాను.

ఆవిడ నవ్వలేదు.

ఆ నాలుగు రోజులూ నాకు ఒకటే బెంగ. పండితులు గారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. "నువ్వు ఊరుకో అమ్మాయీ. ఆయనకు శబ్దార్థం విడమరిచి నేను చెబుతాను," అన్నారు. నా బెంగ రెట్టింపైంది.

శనివారం పదకొండు గంటలకు కరణం గారు దిగారు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచే రోజులు కదా, తెల్లటి పంచె, ఉత్తరీయం మసి మసి. ముక్కు మీద కూడా ఇంత మసి. ఆయన్ను చూసి ఎవరికీ నవ్వు రాలేదు, ఆ మసి సంగతి ఆయనకు చెప్పే ధైర్యమూ రాలేదు. చెవి మీద కలం ఉంది. పెద్ద టీచరు గారు తన గదిలో కుర్చీ చూపించారు. ఆయన కూర్చోలేదు.

"ఆ పాఠం చెప్పిన చోటు చూపించండి. స్థలం చూడకుండా కాగితం మీద చెయ్యి పెట్టే అలవాటు నాకు లేదు," అన్నారు.

అందరం ఆరో ఫారం గదికి వెళ్లాం. మిగతా పిల్లల్ని పక్క క్లాసుకు పంపాం. ఆ పిల్ల ఒక్కతే మూడో బెంచీ చివర, ఒళ్లో పలకతో. పలక కింద ఫారం.

పండితులు గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, కరణ శబ్దానికి సాధనమనే అర్థం కూడా..."

"అంటే నేను పనిముట్టునా?"

పండితులు గారు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు.

"తప్పు నాదండీ," అన్నాను. "పుస్తకంలో కరణి అనే ఉంది. కరణం అన్నది నేను. అమ్మాయినేమీ అనకండి. ఈ ఒక్క పరీక్షా రాయనివ్వండి."

"పుస్తకంలో ఏదైనా ఉండనివ్వమ్మా." ఆయన బోర్డు వైపు తిరిగారు. "నాకొకటి చెప్పు. ఆయన ఎవరో పాపం కింద కూర్చుని ఉన్నాడు. కింద ఉంటే ఏమయిందని? పైకి ఎందుకు పంపాలి?"

తల కొంచెం ఎడమకు వాల్చి అడిగారు. మూడో బెంచీ వైపు చూశాను. అక్కడ కూడా తల అలాగే వాలి ఉంది. నా జవాబు కోసం తండ్రికంటే కూతురే ఎక్కువ ఆత్రంగా చూస్తోంది.

ఈసారి మార్కులు పోతాయని చెప్పడానికి లేదు. ఏం చెయ్యాలో తోచక బోర్డు మీద ఒకటి బై రూటు రెండు వేసి, సుద్దముక్క ఆయన చేతికిచ్చాను.

"మీరే ఒకసారి చెయ్యండి. రూటు రెండు అంటే ఒకటి పాయింటు నాలుగు ఒకటి నాలుగు రెండు. ఒకటిని దాంతో భాగించండి."

ఎందుకిచ్చానో నాకే తెలియదు. కాసేపు గడుస్తుందనుకున్నానేమో.

"భాగహారం నాకు నేర్పుతావా?" అని ఆయన ఉత్తరీయం భుజం మీదికి ఎగదోసి మొదలుపెట్టారు. పైకే లెక్కపెడుతూ వేశారు. పద్నాలుగు వేల నూట నలభై రెండు ఏడుసార్లు. తొంభై ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభై నాలుగు. లక్షలోంచి తీసేస్తే వెయ్యిన్ని ఆరు. సున్న దించారు, పోలేదు. ఇంకో సున్న దించారు. మళ్లీ ఏడుసార్లు. కింద ఎవరో కూలీ "హైలెస్సా" అన్నాడు. మెట్లు మెట్లుగా అంకెలు బోర్డు అడుగుకు దిగుతున్నాయి. ఆయన నుదుటి మీద చెమట మసిలో చారలు కట్టింది.

"పాయింటు ఏడు ఏడు..."

"సున్న పడాలండీ నాన్నగారూ," అంది బెంచీ చివరినుంచి చిన్న గొంతు.

అసలే కోపం మీద ఉన్న మనిషి. అందులోనూ కరణం. ఆయన భాగహారంలో తప్పా!

"ఎక్కడ?"

"మొదటి ఏడు తర్వాతండీ. పాయింటు ఏడు సున్న ఏడు ఒకటి."

ఆయన బోర్డును ఉత్తరీయం కొసతో తుడిచారు. మసి పక్కన సుద్ద కూడా చేరింది. మళ్లీ వేశారు. ఏడు, సున్న, ఏడు, ఒకటి. సుద్దముక్క కింద పెట్టి కూతురి వైపు తిరిగారు.

"నువ్వెప్పుడు చేశావే?"

"మీరు మొదటి ఏడు వెయ్యకముందేనండీ."

"పలక చూపించు."

చూపించింది. పలక మీద ఒకటే వరస. రూటు రెండు బై రెండు. ఒకటి పాయింటు నాలుగు ఒకటి నాలుగు రెండులో సగం. పాయింటు ఏడు సున్న ఏడు ఒకటి.

"ఇంతేనా?"

"ఇంతేనండీ. రెండుతో భాగించడమేగా."

"అంత పొడుగు అంకె కిందనుంచి ఎలా పోయింది?"

ఆ పిల్ల నా వైపు చూసింది. పెద్ద టీచరు గారి వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది. ఇక తప్పదని చెప్పేసింది.

"కరణాన్ని పైకి పంపించానండీ."

పెద్ద టీచరు గారు బల్ల అంచు పట్టుకున్నారు. కరణం గారు బోర్డు మీద తన అంకెల మెట్లన్నీ పైనుంచి కిందిదాకా చూశారు. పలక చూశారు. మళ్లీ బోర్డు చూశారు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అని ఒక్క క్షణం హడలిపోయాను. నవ్వుతున్నారు. చప్పుడు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"ముప్పై ఏళ్లమ్మా! పొలాల మూలవాటు కొలతలు వచ్చినప్పుడల్లా ఇలాంటి అంకెల్ని కిందేసుకుని ముప్పై ఏళ్లుగా కుస్తీ పడుతున్నాను. కింద ఉంటే భాగించేవాడి ప్రాణం పోతుంది. పైన ఉంటే నోటి లెక్క! అందుకటమ్మా పంపడం?"

"అందుకేనండీ," అన్నాను. నాకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసిందని చెప్పలేదు.

"అయితే పంపించండి. నిక్షేపంగా పంపించండి. కింద ఉన్నవాళ్లు సుఖపడతారు." అంతలో ఏదో అనుమానం వచ్చింది. "పక్కన మునసబు కూడా ఉంటేనో?"

కూతురు పలక తుడిచి ఒకటి బై రూటు మూడు మైనస్ ఒకటి వేసింది. తగువు, రాజీ, రెండూ హెచ్చవేసి చూపించింది. కింద రెండు. పైన కరణం ప్లస్ మునసబు. ఆయన అది రెండుసార్లు చేయించుకున్నారు.

"లెక్కలో ఫరవాలేదు," అన్నారు. "మా మునసబుతో కుదరాలిగా!"

"వారికి కూడా చెప్పి చూడండీ నాన్నగారూ," అంటూ ఆ పిల్ల పలక కిందనుంచి ఫారం తీసి ముందు పెట్టింది. ఆ సమయం అంత బాగా కనిపెట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆయన వెంటనే సంతకం పెట్టలేదు. కరణం కదా, మొదటి అక్షరం నుంచి చదివారు. వెనకవైపు తిప్పి ఏమీ లేని పేజీ కూడా చూశారు. మళ్లీ తిప్పి ఒక చోట వేలు ఆనించారు. తండ్రి వృత్తి: వ్యవసాయం. తేడా రాకూడదని ఆ పిల్ల రిజిస్టరులో ఉన్నదే ఇక్కడా రాసింది.

"ఇది తప్పు," అన్నారు.

చెవి మీద కలం తీసి, ఆ మాటను ఒక్క గీతతో కొట్టేసి, గీతకు పైన గుండ్రటి అక్షరాలతో "కరణం" అని రాశారు. పక్కన పొడి సంతకం. తర్వాత కింద అసలు సంతకం.

"చూశావా," అన్నారు కూతురితో. "నేను కూడా గీతకు పైకే పంపాను."

మెట్లు దిగుతుంటే ఆ పిల్ల పమిట కొసతో ఆయన ముక్కు మీది మసి తుడవడం వరండాలోంచి చూశాను. "ఇంతసేపూ చెప్పరేమే ఎవరూ!" అని ఆయన కేకలేశారు.

సోమవారం క్లాసులో ఆ పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఈసారి పిల్లలందరి చేతా ముందు భాగహారం చేయించాను. గదంతా మూలుగులు. తర్వాత పైకి పంపించమన్నాను. "కింద ఉంటే ఏమవుతుందని మీలో ఒకరు అడిగితే మార్కులు పోతాయని చెప్పాను," అన్నాను. "అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది." మూడో బెంచీ చివర ఈసారి "ఊఁ" వినిపించలేదు. తల నిటారుగా ఉంది. టీచర్లు కాబోయే అమ్మాయిలూ, "తెలియదు" అనడానికి నాలాగా ఒక కరణం గారు బొగ్గు బస్సెక్కి వచ్చేదాకా ఆగకండి.

కరణి అనమని మాత్రం ఇక నేను ఎవరినీ దిద్దలేదు. పండితులు గారు కూడా ఊరుకున్నారు.

వేసవిలో నాకొక కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు చూడగానే ఎవరిదో తెలిసింది. లాగరిథం టేబుళ్ల పుస్తకంలో దాచాను కాబట్టి చంటిది ఇంకా దాన్ని నమలలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మా అమ్మాయి లెక్కలలో ప్యాసైనది. తమ పాఠము మునసబు గారికి స్వయముగా చెప్పితిని. వారు రాజీకి ఒప్పుకొనలేదు. ఇచ్చట కరణం కిందనే క్షేమము. తమ క్షేమము తెలియజేయవలెను."